పేరు పాతదే, లోపలి చిప్ మారింది: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న:

మూడు వారాల క్రితం ఆన్‌లైన్‌లో ఒక ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ కొన్నాను. డాక్ (డిజిటల్ పాటని మామూలు ఆడియో సిగ్నల్‌గా మార్చే భాగం) కూడా అందులోనే ఉంది. 62 వేలు పెట్టాను. మా బావగారు 2020 మొదట్లో సరిగ్గా ఇదే మోడల్ కొన్నారు. వాళ్లింట్లో విని ముచ్చటపడి, రివ్యూలన్నీ చదివి మరీ తీసుకున్నాను. తీరా చూస్తే సెట్టింగుల్లో డిజిటల్ ఫిల్టర్ల పేర్లు రెండింట్లో వేరుగా ఉన్నాయి. ఆయన దాంట్లో ‘షార్ప్’, ‘స్లో’, ‘షార్ట్ డిలే షార్ప్’, ‘షార్ట్ డిలే స్లో’, ‘సూపర్ స్లో’ అని అయిదు. నా దాంట్లో ‘ఫాస్ట్ లీనియర్’, ‘మినిమమ్ ఫేజ్’, ‘అపోడైజింగ్’, ‘బ్రిక్‌వాల్’ అంటూ ఏడు. అమ్మిన సైటులో మాత్రం ఇప్పటికీ డాక్ చిప్ జపాన్ కంపెనీ ఏకేఎం వాళ్లది అనే రాసి ఉంది. పెట్టె మీద చిప్ పేరేమీ లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ‘మాన్యువల్ చివరి పేజీ చూడండి, ముందుగా తెలియజేయకుండా స్పెసిఫికేషన్లు మార్చే హక్కు కంపెనీకి ఉంది’ అన్నారు. పది రోజుల రిటర్న్ గడువు దాటిపోయింది. పాత పాటల్లో గాయని ‘స’, ‘ష’ పలికినప్పుడల్లా నా దాంట్లో చెవికి గుచ్చుకుంటోంది. బావగారి దాంట్లో అలా లేదు. నేను మోసపోయినట్టేనా? మా ఊరి మెకానిక్ పాత చిప్ తెప్పించి వేస్తానంటున్నాడు, వేయించమంటారా?

ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం:

మీ అనుమానం దాదాపు నిజమే, చిప్ మారింది. కాకపోతే మీ ఉత్తరంలో మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. చిప్ మారడం ఒకటి, మీకు చెప్పకుండా మార్చడం ఇంకొకటి, ‘స’ గుచ్చుకోవడం మూడోది. మొదటిది తప్పు కాదు. రెండోది తప్పే, దాని మీద మీరు గట్టిగా అడగొచ్చు. మూడోదానికి మాత్రం చిప్పే కారణమంటే నేను ఇప్పుడే ఒప్పుకోను.

ముందు ఒక పని చేయండి. ఇది చదవడం కాసేపు ఆపి, అమ్మిన సైటులో ఆ పేజీని స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. చిప్ పేరు, ధర, అమ్మకందారు పేరు, పైన సైటు అడ్రసు, తేదీ అన్నీ కనబడాలి. మీరు ఫిర్యాదు పంపిన మర్నాడే ఆ పేజీలో చిప్ పేరు మాయం కావచ్చు. బిల్లు, పెట్టె మీది లేబుల్, వెనక సీరియల్ నంబరు కూడా ఫొటో తీయండి. దిగుమతి సరుకైతే ఆ లేబుల్ మీద దిగుమతిదారు పేరు, అడ్రసుతో పాటు నెల, ఏడాది కూడా ఉంటాయి. అవి తర్వాత పనికొస్తాయి.

ఫిల్టర్ల పేర్లు గమనించడం మంచి పనైంది. డాక్ పనిచేసేటప్పుడు చెవికి అందని పై అంచు శబ్దాలను కత్తిరించేవి ఈ ఫిల్టర్లు. ఇలాంటి యాంప్లిఫయర్లలో ఫిల్టర్లు చాలావరకు డాక్ చిప్‌లోనే తయారుగా ఉంటాయి. యాంప్లిఫయర్ కంపెనీలు ఎక్కువగా వాటికి కొత్త పేర్లు పెట్టే శ్రమ పెట్టుకోవు, చిప్ డేటాషీట్‌లో ఏముంటే అదే మెనూలోకి ఎక్కిస్తాయి. ‘షార్ట్ డిలే’, ‘సూపర్ స్లో’ అనేవి ఏకేఎం వాళ్ల మాటలు. ‘అపోడైజింగ్’, ‘బ్రిక్‌వాల్’ అమెరికా కంపెనీ ఈఎస్ఎస్ వాళ్లవి. వాళ్ల సేబర్ చిప్‌లలో చాలావాటికి సరిగ్గా ఏడు ఫిల్టర్లే ఉంటాయి. మూత విప్పకుండా దొరికే సాక్ష్యాల్లో దీనికంటే మంచిది నాకు తెలియదు. రెండు మెనూలనూ పక్కపక్కన పెట్టి ఒకే ఫొటోలో తీయించండి.

ఇంకో దారి ఉంది. మీ దాంట్లో బ్లూటూతో, వైఫైయో ఉండి, ఆ మోడల్ అమెరికాలో కూడా అమ్ముడవుతుంటే వెనక లేబుల్ మీద ‘ఎఫ్‌సీసీ ఐడీ’ అని ఒక నంబరు ఉంటుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఆ నంబరు కింద పరికరం లోపలి ఫొటోలు, పరీక్ష కాగితాలు అందరికీ అందుబాటులో పెడుతుంది. తర్వాత ఎప్పుడైనా బోర్డు మార్చి కంపెనీ మళ్లీ దాఖలు చేసి ఉంటే ఆ కాగితాలూ అక్కడే కనిపిస్తాయి. బ్లూటూత్ ముక్కకి మాత్రమే విడిగా అనుమతి తీసుకుని ఉంటే ఆ ముక్క ఫొటో తప్ప ఏమీ దొరకదు. అయినా చూడటానికి పైసా ఖర్చు లేదు.

మూత మాత్రం విప్పొద్దు. స్టిక్కర్ చిరిగితే వారంటీ గొడవ మొదలవుతుంది. పైగా ప్లగ్ తీసేసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది.

ఇక చిప్ ఎందుకు మారిందంటారా? బావగారు కొన్న తేదీ చూస్తే చాలావరకు అర్థమవుతుంది. 2020 అక్టోబర్ 20న జపాన్‌లో క్యూషూ దీవిలోని నొబెయోకా అనే ఊళ్లో ఏకేఎం వాళ్ల చిప్ ఫ్యాక్టరీకి నిప్పంటుకుంది. మూడు రోజులకు పైగా మంటలు ఆరలేదు. అసాహీ కసెయ్ అనే పెద్ద రసాయనాల సంస్థకు చెందిన కంపెనీ ఇది. ఇళ్లలో వాడే రిసీవర్లు, డాక్‌లు, సీడీ ప్లేయర్లు, స్టూడియోల రికార్డింగ్ పరికరాలు ఎన్నో దాని చిప్‌ల మీదే ఆధారపడి ఉండేవి. చిప్ ఫ్యాక్టరీ కాలిపోతే పక్క షెడ్డులో మళ్లీ మొదలుపెట్టే వీలుండదు. కొన్ని చిప్‌ల తయారీని రెనెసాస్ అనే ఇంకో జపాన్ కంపెనీకి అప్పగించారు కానీ కొరత తీరడానికి చాలా కాలం పట్టింది. అదే సమయంలో కోవిడ్ వల్ల ప్రపంచమంతా చిప్‌ల కరువు. బజారులో మిగిలిన ఏకేఎం సరుకు ధర చూసి చిన్న కంపెనీలు గుండెలు పట్టుకున్నాయి.

అప్పుడు తయారీదారుల ముందు ఉన్నవి రెండే దారులు. మోడల్ ఆపేయాలి, లేదా వేరే చిప్‌తో బోర్డు మళ్లీ గీయాలి. గీయడమే అని ఎందుకంటున్నానంటే, ఒక చిప్ పీకి ఇంకోటి అతికిస్తే సరిపోయే పని కాదది. ఏకేఎం వాళ్ల ఏకే4490, ఏకే4493 లాంటి చిప్‌లు సిగ్నల్‌ని వోల్టేజీ రూపంలో ఇస్తాయి. ఈఎస్ఎస్ వాళ్ల పేరున్న చిప్‌లను మామూలుగా కరెంటు రూపంలో వాడతారు. దాన్ని వోల్టేజీగా మార్చడానికి వెనక ఆప్‌యాంప్‌లతో (సిగ్నల్‌ని పెంచే, మార్చే చిన్న ఐసీలు) ఇంకో దశ కట్టాలి. చిప్ కాళ్ల అమరిక వేరు, దానికి ఇచ్చే సప్లై వేరు, నడిపించే సాఫ్ట్‌వేర్ వేరు. అంటే ఇది ఎవరో హడావిడిలో చేసిన చిల్లర మార్పు కాదు, కొన్ని నెలల ఇంజినీరింగ్ పని. అంత పని చేసినవాళ్లకి మోడల్ పేరు చివర ఒక అక్షరం చేర్చడం బరువా?

చేర్చినవాళ్లూ ఉన్నారు. చైనా కంపెనీ ఫియో తన ఎం11 ప్లస్ అనే ప్లేయర్‌ని మొదట ఏకేఎం చిప్‌లతో పరిమితంగా అమ్మింది. తర్వాత ఈఎస్ఎస్ చిప్‌లతో తెచ్చినప్పుడు పేరులోనే ఆ సంగతి చెప్పింది. టాపింగ్ వాళ్ల డీ90లో ఏకేఎం చిప్ ఉండేది, ఈఎస్ఎస్‌తో వచ్చినదానికి డీ90ఎస్ఈ అని పేరు పెట్టారు. అమెరికాలో షిట్ అనే కంపెనీ ఒకటి ఉంది (పేరు చూసి నవ్వకండి, కావాలనే పెట్టుకున్నారు). తన మోడీ 3 అనే చిన్న డాక్‌లో చిప్ మార్చినప్పుడు ‘3ఈ’ అని ఒక్క అక్షరం కలిపింది. కొనేవాడికి ఆ ఒక్క అక్షరం చాలు. రివ్యూ దేని గురించో, తన చేతిలో ఉన్నది ఏదో తెలిసిపోతుంది.

నోరు మెదపని కంపెనీల వాదన ఏమిటంటే, ‘మేం ప్రకటించిన పవర్, డిస్టార్షన్, నాయిస్ అంకెలు కొత్త బోర్డులోనూ వస్తున్నాయి, కాబట్టి ఇది అదే వస్తువు’ అని. ఇందులో కొంత న్యాయం ఉంది. ఒక యాంప్లిఫయర్‌లో వందల భాగాలుంటాయి, ఏడాది పొడుగునా ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది. ఒక కంపెనీ రెసిస్టర్ దొరక్కపోతే అదే విలువ ఉన్న ఇంకో కంపెనీది వేస్తారు. కొన్ని భాగాల తయారీయే ఆగిపోతుంది. ఒకప్పుడు మన టూ-ఇన్-వన్‌లలో, ఊళ్లో కట్టిన యాంప్లిఫయర్లలో కనిపించిన ఎస్‌టీకే ఐసీలు చేసిన సాన్యో సెమీకండక్టర్‌ని 2011లో ఆన్ సెమీకండక్టర్ కొనేసింది. గ్రామఫోన్ రికార్డుల కోసం వాడే ఫోనో యాంప్లిఫయర్లకు ప్రాణంలాంటి తోషిబా 2ఎస్‌కే170 ట్రాన్సిస్టర్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇలాంటివి మారినప్పుడల్లా కొనేవాళ్లకి ఉత్తరాలు రాయమని నేను అడగను.

కానీ చిప్ సంగతి వేరు. ఆ చిప్ పేరును అమ్మకానికి వాడుకున్నది వాళ్లే. అమ్మేటప్పుడు దాన్ని పెద్ద అక్షరాల్లో వేసి, మార్చినప్పుడు మాత్రం ‘చిప్‌దేముందండీ, సౌండ్ ముఖ్యం’ అంటే కుదరదు. ఏ భాగం పేరు చెప్పి డబ్బు తీసుకున్నారో ఆ భాగం మారితే చెప్పి తీరాలి. చిప్ పేరు ఎక్కడా రాయకుండా, ఏదో రివ్యూలో చదివి మీరే అనుకుని కొని ఉంటే, మీకు సానుభూతి చెప్పడం తప్ప నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. అమ్మిన పేజీలోనే రాసి ఉంది కాబట్టి మీ మాటకు బలం వచ్చింది.

మాన్యువల్ చివరి పేజీలోని ఆ వాక్యం దాదాపు ప్రతి ఎలక్ట్రానిక్ వస్తువుతోనూ వస్తుంది. రేపు తయారయ్యే సరుకులో మార్పులు చేసుకునే వీలు కోసం రాసుకున్నది అది. ఇవాళ పేజీలో ఒకటి రాసి పెట్టెలో ఇంకోటి పంపడానికి అది అనుమతి పత్రం కాదని నా అభిప్రాయం. పైగా ఆ మాన్యువల్ మీరు డబ్బు కట్టిన తర్వాత పెట్టె విప్పితే కదా కనిపించింది!

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో ఒక వస్తువు నాణ్యత, కూర్పు, మోడల్ గురించి అబద్ధం చెప్పడాన్ని కూడా చేర్చింది. మీకు ఇంకా దగ్గరగా వచ్చేది 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు. ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే దాన్ని వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదని అవి చెబుతున్నాయి. పది రోజుల గడువు అనేది మనసు మారి తిప్పిపంపేవాళ్లకి పెట్టుకున్న షరతు. చెప్పిందొకటి, పంపిందొకటి అయినప్పుడు దాన్ని అడ్డం పెట్టుకోనివ్వకండి.

ఫోన్లు మానేసి మెయిల్ రాయండి. అమ్మకందారుకి, సైటు ఫిర్యాదుల అధికారికి, దిగుమతిదారుకి ముగ్గురికీ ఒకేసారి పంపండి. పొడుగ్గా రాయొద్దు, కోపం అసలే వద్దు. ‘ఫలానా తేదీన ఫలానా ఆర్డరు నంబరుతో కొన్నాను. మీ పేజీలో ఏకేఎం డాక్ చిప్ అని ఉంది, స్క్రీన్‌షాట్ జతచేశాను. నా సీరియల్ నంబరు ఇది. ఈ యూనిట్‌లో ఉన్న డాక్ చిప్ పేరు రాతపూర్వకంగా తెలియజేయండి. అది ఏకేఎం చిప్ కాకపోతే వస్తువు వెనక్కి తీసుకుని నా డబ్బు తిరిగి ఇవ్వండి.’ ఇంతే. ఇందులో కీలకం ఆ నాలుగో మాట, చిప్ పేరు రాసి ఇమ్మనడం. వేరే చిప్ అని రాసిస్తే మీ చేతికి సాక్ష్యం దొరికినట్టే. జవాబు దాటవేసినా, ఆ దాటవేత కూడా రేపు ఫైల్లో ఉంటుంది.

రెండు వారాల్లో సరైన సమాధానం రాకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. చాలా కంపెనీలు అక్కడిదాకా వెళ్లాక దిగొస్తాయి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఏ నగరంలో ఉన్నా మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. రెండేళ్ల గడువు ఉంది కాబట్టి దాని గురించి టెన్షన్ వద్దు. అయితే అవతలివాళ్లు చిప్ మారలేదని మొండికేస్తే కమిషన్ వస్తువును పరీక్షకు పంపొచ్చు, ఆ ఖర్చు ముందుగా మిమ్మల్నే కట్టమనొచ్చు. అందుకే మొదటి మెయిల్‌తోనే వాళ్ల నోటితో చెప్పించమన్నాను.

అసలు మీరు కోరేదేమిటో కూడా ఒకసారి ఆలోచించుకోండి. సౌండ్ మీకు నచ్చితే వస్తువు ఉంచుకుని వారంటీ పొడిగించమనో, కొంత డబ్బు వెనక్కి ఇమ్మనో అడగడం తప్పేమీ కాదు. చాలా కేసులు అలాగే తెములుతాయి.

ఇక ‘స’ దగ్గరికి వద్దాం. గాయని ‘స’, ‘ష’ పలికినప్పుడు వచ్చే ఆ సీత్కారం శక్తంతా సుమారు 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఆ ఫిల్టర్లు ప్రధానంగా పనిచేసేది 20 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. మన చెవి వదిలేసే చోట అవి మొదలవుతాయి. చిప్‌ల స్వచ్ఛత చూసినా అంతే. సీడీలోని 16 బిట్ల రికార్డింగ్ పరిధి (అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ ఉన్న దూరం) సుమారు 96 డెసిబెల్స్, ఈ తరగతి డాక్ చిప్‌లు ఏ కంపెనీవైనా 110 దాటతాయి. పాత పాటలైతే అనలాగ్ రికార్డింగులు. వాటిలోని గరగర ఏ చిప్ చేసే చప్పుడు కంటేనైనా ఎంతో ఎక్కువ ఉంటుంది. చిప్ వెనక కట్టిన ఆప్‌యాంప్ దశలో ఏదైనా లోపం ఉంటే తేడా వినిపించొచ్చు, కాదనను. కానీ నేను అనుమానించే వరుసలో అది చివరిది.

మొదటిది మీ గది. బావగారి హాల్లో సోఫాలు, తెరలు, కింద తివాచీ ఉండి, మీ ఇంట్లో నున్నటి టైల్స్, గాజు తలుపులు ఉంటే ‘స’ గుచ్చుకోవడానికి అదొక్కటే చాలు. రెండోది స్పీకర్లు. ఆయనవీ మీవీ ఒకటేనా? మీరు రాయలేదు. మూడోది పాట ఎక్కడిది అన్నది. ఒకే పాట ఒక సీడీలో మెత్తగా, ‘రీమాస్టర్’ అని పెట్టిన ఇంకో చోట కరుకుగా ఉండటం మన పాత పాటల విషయంలో మామూలే. నాలుగోది వాల్యూమ్. ఒక డాక్ ఇంకోదానికంటే కొంచెం ఎక్కువ వోల్టేజీ ఇచ్చినా, నాబ్ ఒకే చోట ఉంటే అది బిగ్గరగా మోగుతుంది. ఆ కాస్త తేడా మనకి బిగ్గరగా అనిపించదు, ‘స్పష్టంగా’ అనో ‘గుచ్చుకుంటున్నట్టు’ అనో అనిపిస్తుంది.

నిజం తేల్చుకోవాలంటే బావగారి యాంప్లిఫయర్‌ని ఒక ఆదివారం మీ ఇంటికి తెప్పించండి. ఆప్టికల్, కోయాక్సియల్ రెండు అవుట్‌పుట్లూ ఉన్న సీడీ ప్లేయరో డీవీడీ ప్లేయరో కావాలి. కోయాక్సియల్ తీగ మీ యాంప్‌కి పెట్టండి, ఆప్టికల్ ఆయనదానికి. ఆయన యాంప్ ప్రీ-అవుట్ (వాల్యూమ్ నాబ్ దాటిన సిగ్నల్‌ని బయటికి ఇచ్చే సాకెట్) నుంచి మీ యాంప్ ఆక్స్ ఇన్‌పుట్‌కి మామూలు ఆర్‌సీఏ కేబుల్ వేయండి. ఇప్పుడు మీ రిమోట్‌లో ‘కోయాక్సియల్’ నొక్కితే మీ డాక్, ‘ఆక్స్’ నొక్కితే ఆయన డాక్. స్పీకర్లు, గది, పాట అన్నీ ఒకటే.

తర్వాత లెవెల్ కలపాలి, ఇది వదిలేస్తే మిగతాదంతా వృథా. 100 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ఉన్న సీడీ పెట్టి, మామూలు మల్టీమీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో ఉంచి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర కొలవండి. మీటరు మొనలు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. మీ వైపు 2.00 వోల్ట్స్ వస్తే, ఆయన యాంప్ నాబ్‌ని తిప్పుతూ ఆక్స్‌లో కూడా 1.98కీ 2.02కీ మధ్య తెండి. అంటే తేడా 0.1 డెసిబెల్ లోపే. అప్పుడు రిమోట్ బావగారికి ఇచ్చి మీరు అటు తిరిగి కూర్చోండి. ఆయన బొమ్మా బొరుసూ వేసి ఇన్‌పుట్ ఎంచుకోవాలి, మీరు ఏదో చెప్పాలి, ఆయన రాసుకోవాలి. పదహారు సార్లలో పన్నెండు లేదా అంతకంటే ఎక్కువ సార్లు సరిగ్గా చెప్పగలిగితే మీ చెవి నిజమే చెబుతోంది. ఎనిమిదో తొమ్మిదో అయితే నాణెం చేసిన పనే మీ చెవీ చేసింది. తేడా లేదని తేలినా మీ ఫిర్యాదు బలహీనపడదు. మీరు అడుగుతున్నది సౌండ్ గురించి కాదు, రాసింది పంపలేదని.

ఆయన యాంప్ ఎలాగూ ఇంటికొస్తుంది కదా, ఇంకో పని చేయండి. రెండింటినీ కాటా మీద పెట్టి తూకం వేయండి. నాకు డాక్ చిప్ కంటే దీని మీదే ఆసక్తి. మనవాళ్లు చిప్ పేర్లు కంఠతా పట్టి గొడవ పడతారు కానీ ఖర్చు తగ్గించాలనుకున్న కంపెనీ ముందు చేయి పెట్టేది ట్రాన్స్‌ఫార్మర్, హీట్‌సింక్, కెపాసిటర్ల దగ్గర. ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి చుట్టకు బదులు అల్యూమినియం చుట్ట వచ్చిందనుకోండి, మెనూలో ఏ పేరూ మారదు. బరువు మాత్రం దాగదు. మాన్యువల్‌లో నికర బరువు రాసి ఉంటుంది. మీదీ ఆయనదీ ఆ అంకెకు దగ్గరగా ఉంటే నిశ్చింత. కిలో, కిలోన్నర తక్కువ తూగితే చిప్ కంటే పెద్ద ప్రశ్న అడగాల్సి ఉంటుంది.

పై మూతకి గాలి కోసం ఉన్న చీలికల్లోంచి టార్చి వేసి చూడండి. పెద్ద కెపాసిటర్ల మీద 85 డిగ్రీలనో 105 డిగ్రీలనో అచ్చువేసి ఉంటుంది. ఈ జాతి కెపాసిటర్లకు వేడి ప్రతి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. అదే లెక్కన 105 ఉన్నచోట 85 వేస్తే జీవితం నాలుగో వంతుకి పడిపోవచ్చు. మే నెలలో గోదావరి ఒడ్డున, గాలాడని టీవీ అలమరాలో ఉండే యాంప్లిఫయర్‌కి ఇది అసలైన తేడా. కొన్న మూడు వారాల్లో ఏ చెవీ పట్టలేదు, అయిదో ఏడు బయటపడుతుంది.

స్పీకర్ వైరు కూడా ఓసారి చూసుకోండి, ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ మోసం జరిగేది అక్కడే. ‘ఆక్సిజన్ ఫ్రీ కాపర్’ అని అమ్మే చవక వైర్లలో చాలావాటిలో ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం. ఒక పోగుని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. చేత్తో పట్టుకుంటేనే కట్ట తేలిగ్గా ఉంటుంది, అల్యూమినియం రాగిలో మూడో వంతు బరువు కూడా తూగదు మరి. కరెంటుని మోసే శక్తి మాత్రం రాగిలో దాదాపు మూడింట రెండొంతులు. కాబట్టి ఒక సైజు లావు వైరు వేసుకుంటే పని జరుగుతుంది. రాగి ధర కట్టి అల్యూమినియం తెచ్చుకోవడం మాత్రం ఎందుకు?

మళ్లీ ఏదైనా కొనేటప్పుడు రివ్యూ తేదీకీ మీ పెట్టె మీది తయారీ తేదీకీ ఎంత దూరముందో చూడండి. ఈ జబ్బు ఆడియోకే పరిమితం కాదు. పాటల లైబ్రరీ దాచుకోవడానికి చాలామంది వాడే వెస్టర్న్ డిజిటల్ రెడ్ హార్డ్ డిస్కుల్లో కొన్ని సైజుల్లో రికార్డింగ్ పద్ధతి చెప్పకుండా మార్చిన సంగతి 2020 ఏప్రిల్‌లో బయటపడింది. కొన్నవాళ్లు గట్టిగా అరిచాకే పాత పద్ధతి డిస్కులకు ‘రెడ్ ప్లస్’ అని వేరే పేరు పెట్టి అమ్మారు. రెండేళ్ల నాటి రివ్యూ చదివి కొంటున్నప్పుడు, ‘ఇప్పుడు పంపే సరుకులో కూడా ఇదే భాగం ఉందా?’ అని అమ్మకందారుకి ముందే ఒక మెసేజ్ పెట్టి జవాబు దాచుకోండి.

చివరిగా మీ మెకానిక్ ప్రతిపాదన. వద్దు. పైన చెప్పినట్టు ఆ రెండు చిప్‌ల కాళ్లే కలవవు, మీ బోర్డు మీద పాతది కూర్చోదు. కూర్చోబెట్టాలంటే బోర్డూ సాఫ్ట్‌వేరూ రెండూ పాత మోడల్‌వి కావాలి. ఇక చిప్ ‘తెప్పించడం’ అంటే ఎక్కడినుంచో అడగండి. కొరత వచ్చిన ప్రతి భాగానికీ నకిలీలు పుట్టుకొస్తాయి. యాంప్లిఫయర్లు కట్టేవాళ్లందరికీ తెలిసిన తోషిబా 2ఎస్‌సీ5200 ట్రాన్సిస్టర్‌కి బజారులో లెక్కలేనన్ని నకిలీలున్నాయి. పగలగొట్టి చూస్తే అసలుదాని కంటే చిన్న సిలికాన్ ముక్క కనిపిస్తుంది, లోడు పడగానే పేలుతుంది. ఎలక్ట్రానిక్ సరుకు దొరికే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ అయినా చెన్నై రిచీ స్ట్రీట్ అయినా నమ్మకమైన దుకాణం తెలియకపోతే అంతే సంగతి. పైగా మూత విప్పిన క్షణం నుంచి మీ ఫిర్యాదు కూడా పోతుంది, ‘కొన్నాక ఏం మార్చారో మాకేం తెలుసు’ అంటారు. మెకానిక్‌కి పని ఇవ్వాలనిపిస్తే మంచి రాగి వైరు తెప్పించి స్పీకర్లకు వేయించండి. మెయిల్‌కి జవాబు వచ్చాక నాకూ రాయండి, దాంతోపాటు కాటా మీద రెండూ ఎంత తూగాయో కూడా.